పాత ల్యాప్‌టాప్ వేడి: పేస్ట్ కన్నా ముందు ఫ్యాన్ చూడండి

ప్రశ్న: మాది ఏడేళ్ల నాటి 13 అంగుళాల ల్యాప్‌టాప్. వీడియో కాల్ మొదలైన కాసేపటికే ఫ్యాన్ హోరెత్తుతోంది. ప్రాసెసర్ 97 డిగ్రీలు చూపిస్తోంది, ఆ తర్వాత అంతా నత్తనడకే. షాపులో థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని పైనున్న లోహానికి చేరవేసే ముద్ద) మార్చాలన్నారు. కూలింగ్ ప్యాడ్ కొంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ప్యాడ్‌కి డబ్బు పెట్టకండి. లోపల దారి మూసుకుపోయి ఉంటే కింద నుంచి ఎంత గాలి కొట్టినా వృథాయే. ప్రాసెసర్ 100 డిగ్రీల దరికి చేరితే తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీరు చూస్తున్న నత్తనడక అదే.

ఫ్యాన్ గాలి సన్నటి లోహపు రేకుల మధ్య నుంచి బయటికి పోవాలి. ఫ్యాన్‌కీ ఆ రేకులకీ మధ్య దుమ్ము, వెంట్రుకలు, నూలుపోగులు చేరి దళసరి గుడ్డలా అట్టకడతాయి. మీ వైపు సముద్రపు తేమకి అది జిగటగా కూడా మారుతుంది, బయటి నుంచి బ్లోయర్ కొడితే ఊడదు. ఫ్యాన్ విప్పి, ట్వీజర్‌తో పొరగా లాగి, మెత్తని బ్రష్‌తో దులపాలి. బ్లోయర్ వాడేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగ్ పోతుంది.

అడుగు మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటే పని అక్కడే ఆపి, దాన్ని మార్పించండి. స్క్రూలన్నీ ఒకే పొడవుండవు, ఏది ఎక్కడిదో కాగితం మీద గుర్తు పెట్టుకోండి.

ఏడేళ్ల పేస్ట్ ఎండిపోయే ఉంటుంది కాబట్టి, ఎలాగూ విప్పారు, అదీ మార్చేయండి. పాతది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బియ్యపు గింజంత కొత్త పేస్ట్ చిప్ మొత్తం పలచగా పరవండి. హీట్‌సింక్ (చిప్ మీద కూర్చుని వేడిని లాగే లోహపు భాగం) స్క్రూల పక్కన 1, 2, 3, 4 అంకెలుంటే ఆ వరుసలోనే, ఒక్కోటీ కొంచెం కొంచెంగా బిగించాలి. థర్మల్ ప్యాడ్ (చిప్‌కీ లోహానికీ మధ్య ఖాళీని నింపి వేడిని చేరవేసే మెత్తని పట్టీ) ఉన్నచోట అంతే మందం ప్యాడే వేయాలి. పేస్ట్‌తో ఆ ఖాళీ పూడదు.

విండోస్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్’ 99 చేస్తే చాలా మెషీన్లలో టర్బో (ప్రాసెసర్ కాసేపు పెంచుకునే అదనపు వేగం) ఆగి వేడి బాగా దిగుతుంది. వీడియో కాల్‌కి ఆ వేగం చాలు.

మే నెలలో ఏసీ లేని గదిలో, పని మీద ఉన్నప్పుడు 80–85 డిగ్రీలంటే కంగారక్కర్లేదు. ఖాళీగా ఉన్నా 70 దాటుతుంటే హీట్‌సింక్ ఒక పక్కకి ఒరిగి కూర్చుందేమో చూడాలి. మళ్లీ విప్పితే పేస్ట్ ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలచగా కనిపిస్తుంది.