లాప్‌టాప్ ఇక్కడే కొని పట్టుకెళ్లాలా మావయ్యా?

ఏప్రిల్లో సెలవు పెట్టుకుని బరంపురం వచ్చాను. వచ్చిన మూడో రోజే రాయగడ నుంచి అక్క కొడుకు దిగాడు. ఆగస్టులో అమెరికా వెళ్తున్నాడు, డేటా సైన్స్‌లో ఎంఎస్. వీసా టెన్షన్ తీరింది, ఇప్పుడు లాప్‌టాప్ టెన్షన్ పట్టుకుంది. "వైజాగ్‌లో ఒకటి చూశాను మావయ్యా, ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ కార్డు ఉంది, ఎనభై ఐదు వేలు. ఇక్కడే కొని పట్టుకెళ్లిపోతాను" అన్నాడు.

నేను డల్లాస్‌లో ఉండబట్టి పద్నాలుగేళ్లు. ఏటా వేసవి వచ్చేసరికి పర్లాకిమిడి నుంచో గుణుపురం నుంచో జయపురం నుంచో ఎవరో ఒక పిల్లాడు ఇదే అడుగుతాడు. మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దు ఊళ్లవాళ్లకి ఒక ఇబ్బంది ఉంది. నాలుగు మోడళ్లు పక్కపక్కన పెట్టి చూసుకునే షాపు ఊళ్లో ఉండదు. వైజాగో భువనేశ్వరో వెళ్లాలి, వెళ్లిన రోజే కొనేసి రాత్రి రైలు అందుకోవాలి. ఆ తొందరలో అంటించిన స్టిక్కరే చదువుతాం. అంచు చూసి పట్టుచీర కొన్నట్టుంటుంది. బరంపురంలో మా అమ్మ అయితే చీర చేత్తో పట్టుకుని బరువు చూడందే ధర కూడా అడగదు.

కొత్తది సరే, నీ పాతది ఏదీ, ఇలా తే అన్నాను. బీటెక్‌లో కొన్నది, పన్నెండో తరం ఐ5. తెర మీద బొమ్మ గీయడానికి వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ గ్రాఫిక్స్. "వాలరెంట్ ఆడితే ఆగి ఆగి నడుస్తుంది, ఇది పనికిరాదు" అన్నాడు. కొన్నప్పుడు కాగితం మీద ఐరిస్ ఎక్స్‌ఈ అని రాసి ఉంది, ఇంటెల్ గ్రాఫిక్స్‌లో అది మెరుగైన రకం. డివైస్ మేనేజర్ తెరిస్తే మాత్రం యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తోంది. షాపువాడు మోసం చేశాడని వాడి అనుమానం. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తీయించాను. కుడిపక్క అడుగున ఉంది: ర్యామ్ స్లాట్లు రెండు, వాడుతున్నది ఒకటి.

ఈ గ్రాఫిక్స్ చిప్పుకి సొంత మెమరీ ఉండదు. లాప్‌టాప్ ర్యామ్‌నే పంచుకుంటుంది. ర్యామ్ ఒకటే కర్ర ఉంటే డేటా ఒకే దారిలో రావాలి, రెండు కర్రలుంటే రెండు దారులు. ఒకటే ఉన్నప్పుడు ఇంటెల్ డ్రైవరు ఐరిస్ అన్న పేరే ఇవ్వదు, యూహెచ్‌డీ అనే చూపిస్తుంది. మర్నాడు బడాబజారు వైపు వెళ్లి పాతదానికి జోడీగా అదే వేగం ఉన్న 8 జీబీ ర్యామ్ ఒకటి తెచ్చుకున్నాం. హాల్లో చాప మీద కూర్చుని, లాప్‌టాప్ బోర్లా తిప్పి, ఊడదీసిన స్క్రూలు స్టీలు పళ్లెంలో వేశాం. ముందువైపు రెండు స్క్రూలు పొట్టివి. వాటిని వేరుగా ఉంచమన్నాను, పొడుగువి ఆ చోట బిగిస్తే కీబోర్డు దగ్గర ఉబ్బుతుంది. ఖాళీ స్లాటులో నాలుగేళ్ల దుమ్ము. ఊది, కొత్త కర్రని ఏటవాలుగా పెట్టి కిందికి నొక్కితే టక్కుమంది. మళ్లీ ఆన్ చేస్తే పేరు మారింది, ఐరిస్ ఎక్స్‌ఈ. ఆట ఆగకుండా నడిచింది. వాడు నా వంక చూసి "ఏటి మావయ్యా, ఇంతేనా?" అన్నాడు.

ఇంతే కాదు. కొత్తది కొనాల్సి వస్తే ఏం చూడాలో అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒక మాట. వర్డు, ఎక్సెల్, జూమ్, కోడ్ రాయడం, నలభై బ్రౌజర్ ట్యాబులు, వీటికి వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. 16 జీబీ ర్యామ్, కళ్లు లాగని తెర, బ్యాటరీ, ఇవి చూసుకోండి చాలు. యూట్యూబ్ వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకీ చాలాసార్లు ఇంటెల్ చిప్పులో వీడియో పనికే పెట్టిన క్విక్ సింక్ అన్న భాగమే పని కానిస్తుంది.

ఏఎమ్‌డీ రైజెన్ కొనేవాళ్లు నంబరులో మూడో అంకె చూడండి. 7000 సిరీస్‌లో అసలు తరం చెప్పేది అదే. 7520యూ కొత్తదనిపిస్తుంది కానీ మూడో అంకె 2, అంటే పాత జెన్ 2 డిజైను. అందులో ఉండే ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ రేడియాన్ 610ఎం, దాంట్లో లెక్కలు చేసే కంప్యూట్ యూనిట్లు రెండే. 7735హెచ్‌ఎస్‌లో 680ఎం, 7840హెచ్‌ఎస్‌లో 780ఎం, ఈ రెండింట్లోనూ పన్నెండేసి. రెండుకీ పన్నెండుకీ తేడా వేరే చెప్పాలా? స్టిక్కర్ మీద మాత్రం అన్నిటికీ రేడియాన్ గ్రాఫిక్స్ అనే ఉంటుంది. 680ఎం, 780ఎం ఉన్నవాటిలో జీటీఏ 5 లాంటి పాత ఆటలు సెట్టింగులు తగ్గించుకుని హాయిగా ఆడుకోవచ్చు. వీటికీ రెండు కర్రల ర్యామ్ లెక్క వర్తిస్తుంది.

ఇక వేరే గ్రాఫిక్స్ కార్డులు చేసే ఎన్విడియా. ఎంఎక్స్ పేరున్నవి ఇప్పుడు కొత్తగా కొనకండి. ఎంఎక్స్ 150, ఎంఎక్స్ 250 ఒకే పేరుతో రెండేసి రకాలు వచ్చాయి, ఒకటి 25 వాట్లది, ఇంకోటి 10 వాట్లది. పెట్టె మీద తేడా తెలిసేది కాదు. తర్వాత వచ్చిన ఎంఎక్స్ 450, 550 కూడా మంచి రేడియాన్ ముందు పెద్దగా నిలవవు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తే అది వేరే మాట.

ఆర్‌టీఎక్స్ 2050 పేరు చూసి 2018 నాటి సరుకు అనుకుంటారు. దాన్ని ప్రకటించింది 2021 డిసెంబరులో, లోపల ఉన్నది 3050లో ఉండే రకం చిప్పే. కోర్లు 2050లోనూ, 4 జీబీ మెమరీ ఉన్న 3050లోనూ 2048. కానీ మెమరీ దారి ఆ 3050లో 128 బిట్లు, 2050లో 64 బిట్లే. 3050లోనే మళ్లీ కార్డు సొంత మెమరీ 4 జీబీది ఒకటి, 6 జీబీది ఒకటి ఉన్నాయి. నన్నడిగితే 4 జీబీ దగ్గర ఆగొద్దు, కొత్త ఆటలకి అది చాలడం లేదు. 4050లో 6 జీబీ. 2025లో వచ్చిన 5050లో 8 జీబీ.

మా వాడు చూసిన 4050 సంగతికి వద్దాం. ఆ చిప్పుని కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా పెట్టి అమ్మొచ్చు. పల్చటి లాప్‌టాప్‌లో 45 వాట్లతో ఉన్నదీ, లావుపాటి దాంట్లో 115తో ఉన్నదీ ఒక్కలా పరిగెత్తవు. స్టిక్కర్ ఒకటే. మోడల్ వివరాల పేజీలో టీజీపీ అని, అంటే గ్రాఫిక్స్‌కి ఇచ్చే వాట్లు, రాసి ఉంటాయి. రాయకపోతే ఆ మోడల్ రివ్యూలో వెతకండి, అక్కడా దొరక్కపోతే వదిలేయండి. వాడు చూసినదానికి ఎంతో వాడికి తెలీదు, షాపతను చెప్పలేదు.

"డేటా సైన్స్‌కి కూడా కావాలి కదా" అన్నాడు. వాడన్నది మన 'కూడా' కాదు, ఎన్విడియా కూడా (CUDA), ఆ కార్డు మీద లెక్కలు చేయించే సాఫ్ట్‌వేర్. ఏఐ పనికి వాడే పైటార్చ్ లాంటివి దాని మీదే ఇబ్బంది లేకుండా నడుస్తాయి, నిజమే. అయితే లెక్క చూడండి. 700 కోట్ల పారామీటర్ల (లోపలి సంఖ్యల) ఏఐ మోడల్‌కి ఒక్కో పారామీటరుకి 2 బైట్లు చొప్పున 14 జీబీ కావాలి. 6 జీబీలో ఎక్కడ పడుతుంది? బాగా కుదిస్తే పడుతుంది, క్లాసులో నేర్చుకోవడానికి పనికొస్తుంది. అసలు పని యూనివర్సిటీ సర్వర్ల మీద చేయిస్తారు. అదీ కాకపోతే ఇంటర్నెట్‌లో కంప్యూటర్ వాడుకోనిచ్చే గూగుల్ కొలాబ్‌లో సాధారణంగా ఇచ్చే టీ4 గ్రాఫిక్స్ కార్డుకే 16 జీబీ ఉంది. మొదటి సెమిస్టరులో ప్రొఫెసర్ ఏం అడుగుతాడో తెలియక ముందే ఎనభై ఐదు వేలు ఎందుకు పెట్టాలి? మెకానికల్, ఆర్కిటెక్చర్ వాళ్ల సంగతి వేరు. వాళ్లకి సాలిడ్‌వర్క్స్, రెవిట్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు రోజూ వాడకం, 6 జీబీ కార్డుకి పెట్టిన డబ్బు వృథా కాదు.

అమెరికా వెళ్లేవాళ్లకి నా సలహా: ఉన్నదానికి ర్యామ్ వేసుకుని వెళ్లండి, నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ అమ్మకాలప్పుడు కొనుక్కోండి. అక్కడ రాసిన ధరలో ట్యాక్స్ ఉండదని గుర్తుంచుకోండి. డల్లాస్‌లో 8.25 శాతం, 900 డాలర్లని రాసి ఉంటే బిల్లు 974 అవుతుంది. ఇక్కడ కొన్న వస్తువుకి అక్కడ వారంటీ చెల్లుతుందో లేదో కొనకముందే రాతపూర్వకంగా అడగండి. జర్మనీ వెళ్లేవాళ్లు మాత్రం ఇక్కడే కొనడం మేలు. అక్కడి షాపుల్లో దొరికే కీబోర్డు మీద వై, జెడ్ తారుమారుగా ఉంటాయి, చేతికి పట్టుబడే లోపు పరీక్షలు వచ్చేస్తాయి.

అడాప్టర్ గురించి కంగారు పడకండి. వెనక 100-240 వోల్టులు అని ఉంటే అమెరికా 120కీ, యూరప్ 230కీ అదే సరిపోతుంది, ప్లగ్గు మార్చుకుంటే చాలు. బ్యాటరీ 100 వాట్-అవర్ల లోపు ఉంటే విమానంలో ఇబ్బంది లేదు, లాప్‌టాప్‌ని చేతి సామానులోనే పెట్టుకోండి.

సాయంత్రం వాడు ఆట మధ్యలో ఉండగా కరెంటు పోయింది. వెంటనే బొమ్మ నత్తనడక నడిచింది. బ్యాటరీ మీదకి పడగానే ఈ లాప్‌టాప్‌లు వాట్లు తగ్గించుకుంటాయి. గేమింగ్‌వి ఇంకా బాగా తగ్గించుకుంటాయని చెప్పాను. వాడు మూత మూసి, వైజాగ్ లాప్‌టాప్ బరువు ఫోన్‌లో వెతికాడు. అడాప్టర్‌తో కలిపి మూడు కేజీలు. వంటింట్లోంచి అమ్మ, "ఆ మూడు కేజీలూ మిగిలితే బరంపురం అప్పడాలు రెండు కట్టలు ఎక్కువ పట్టుకెళ్లొచ్చురా" అంది. ఆ రాత్రే అక్కకి ఫోన్ చేసి వైజాగ్ ప్రయాణం మానేశానని చెప్పాడు.