కంటి నరం వాపుకి స్టెరాయిడ్ డ్రిప్ తప్పదా? నొప్పి మాత్రలు చాలవా?

మీ చెల్లికి ఆప్టిక్ న్యూరైటిస్ అన్నారని, వెంటనే స్టెరాయిడ్ డ్రిప్ పెట్టించమన్నారని, "వాపే కదా, ఇబూప్రోఫెన్ వేస్తే పోదా" అని మీ నాన్నగారు పట్టుబడుతున్నారని రాశారు. మూడేళ్ల కిందట బెంగళూరులో మా ఇంట్లోనూ ఇదే వాదన నడిచింది. నేను డాక్టర్ని కాను, పడ్డదాన్ని.

అప్పుడు మారతహళ్లిలో ఉండేవాళ్లం. కుడికన్ను పక్కకి తిప్పితే చాలు, లోపల ఏదో లాగినట్టు నొప్పి. మందుల షాపులో ఇచ్చిన మాత్రలు మింగితే నొప్పి తగ్గింది, అందుకే ధీమాగా ఉండిపోయాను. చూపు మాత్రం రోజురోజుకీ పలచబడుతోంది. అయిదో రోజు పొద్దున పప్పులోకి టమాటాలు కోస్తూ ఎడమకన్ను మూశాను. చేతిలో పండు వెలిసిపోయిన ఇటుక రంగులో ఉంది! కన్ను మార్చి చూస్తే మళ్లీ ఎర్రగా ఉంది. కత్తి అక్కడే పడేసి మావారిని లేపాను. ఆ అయిదు రోజులు పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధే.

ఇబూప్రోఫెన్ నొప్పి, వాపు కలిగించే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీని ఆపుతుంది కాబట్టి నొప్పి తగ్గుతుంది. కానీ ఇక్కడ నరాన్ని దెబ్బతీసేది మన సొంత రోగనిరోధక వ్యవస్థే. దాన్ని అదుపు చేసే శక్తి ఆ మాత్రలకి లేదు. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ని రోజుకి 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు ఎక్కించేది అందుకే.

అయితే స్టెరాయిడ్ పెడితే నరం పూర్తిగా దక్కుతుందనీ అనుకోకండి. అమెరికాలో 457 మంది మీద చేసిన పరిశోధన ఫలితాలు 1992లో వచ్చాయి. డ్రిప్ పెట్టినవాళ్లకి చూపు త్వరగా తిరిగొచ్చింది గానీ, ఆరు నెలలకి చూస్తే పెట్టనివాళ్లతో పెద్ద తేడా లేదు. మామూలు మోతాదులో ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మాత్రమే వాడినవాళ్లకి జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. అందుకని "డ్రిప్ వద్దు, మాత్రలు రాసివ్వండి" అని మీరుగా అడక్కండి.

ఇంకో సంగతి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. ఈ వాపు వెనక ఏ జబ్బుందో తేలాలి. మెదడు, వెన్నుపాములోని నరాల పైపొరని దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ కావచ్చు, ముఖ్యంగా కంటి నరాన్నీ వెన్నుపామునీ దెబ్బతీసే ఎన్‌ఎంఓ (న్యూరోమైలైటిస్ ఆప్టికా) కావచ్చు, ఇంకోటి కావచ్చు. ఎన్‌ఎంఓలో కనబడే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీని 2004లో గుర్తించారు. ఎన్‌ఎంఓలో ఒక్కో దాడికీ నరం చాలా పోతుంది, ఆలస్యం అసలు పనికిరాదు. స్టెరాయిడ్‌కి లొంగకపోతే ప్లాస్మా మార్పిడి, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడం, చేస్తారు. నాకు ఆ ఆక్వాపోరిన్-4 పరీక్షే పాజిటివ్ వచ్చింది. హెపటైటిస్-బి పరీక్ష చేసి రోగనిరోధక వ్యవస్థని అదుపు చేసే రిటుక్సిమాబ్ అనే మందు మొదలుపెట్టారు, ఆరు నెలలకోసారి వెళ్తాను. నా నరాన్ని ఇవాళ నిజంగా కాపాడుతున్నది ఇదే, రెండో దాడి రానివ్వకుండా.

డ్రిప్ రోజుల్లో నోరంతా ఇనుము నాకినట్టుంటుంది, నిద్ర పట్టదు, షుగర్ పెరుగుతుంది. మీ చెల్లికి షుగర్ ఉన్నా, ఎప్పుడైనా టీబీ వచ్చి తగ్గినా ముందే చెప్పండి. డ్రిప్ తర్వాత స్టెరాయిడ్ మాత్రలిస్తే తగ్గిపోయిందని సొంతంగా ఆపనివ్వకండి.

రేపు ఆస్పత్రిలో ఆక్వాపోరిన్-4, మాగ్ (ఎంఓజీ, కంటి నరం వాపు తెప్పించే ఇంకో జబ్బులో కనబడేది) యాంటీబాడీ పరీక్షలకి రక్తం డ్రిప్‌కి ముందే తీస్తారా అని అడగండి. రిపోర్టుకి రోజులు పడుతుంది, దానికోసం డ్రిప్ మాత్రం ఆపొద్దు.