గజేంద్రుడికి వచ్చింది ఫిట్సేనా?

సందేహం: మా ఊరి వైద్య శిబిరంలో పంచిన కరపత్రం మీద ‘మూర్ఛ మెదడు కార్యకలాపం మరియు దృష్టి నరం రక్త ప్రవాహంపై పరిశోధన’ అని ఉంది. మూర్ఛ అనాలా, అపస్మారం అనాలా? మా దిక్కు నరం తెగిందంటే నెత్తురు కారిందనే అర్థం. మరి చూపు నరంలోనూ నెత్తురు పారుతుందా? (ఒక ఉపాధ్యాయిని, దేవరకొండ)

సమాధానం: ముందు ఆ ‘మరియు’ను కొట్టేయండి. రెండు మాటలు కలపడానికి తెలుగుకు చివరి దీర్ఘం చాలు. ‘కార్యకలాపాలు’ సంఘాలకూ పంచాయతీలకూ ఉంటాయి, మెదడుకు ఉండేది పని. ఇక ‘మూర్ఛ మెదడు’ అంటే స్పృహ తప్పిన మెదడు అని వినపడుతుంది. పరిశోధకులు చెప్పేది దానికి సరిగ్గా ఎదురు: ఫిట్స్ వచ్చిన ఘడియలో మెదడు కణాలు ఒక్కపెట్టున, అవసరానికి మించి పనిచేస్తాయి.

అట్లాగని మూర్ఛ శబ్దాన్ని తీసిపారేయలేం. సంస్కృత క్రియామూలాల పట్టిక ధాతుపాఠం ‘ముర్ఛా మోహసముచ్ఛ్రాయయోః’ అంటున్నది. మోహమంటే తెలివి తప్పడం. సముచ్ఛ్రాయమంటే పొంగడం, పెచ్చుపెరగడం. మనం మొదటి అర్థాన్ని పట్టుకుని రెండోదాన్ని సంగీతానికి వదిలేశాం. ఏడు స్వరాల ఆరోహణావరోహణలకు ‘మూర్ఛన’ అని పేరు. అక్కడ పొంగేది స్వరమే, తెలివి తప్పేవాళ్లెవరూ లేరు, కచేరీ మరీ చెడితే తప్ప.

ఈ రెండో అర్థమే ఈఈజీ (మెదడు విద్యుత్తును గీతలుగా గీసే పరీక్ష) కాగితం మీద కనపడుతుంది. హాన్స్ బెర్గర్ 1929లో మనిషి మెదడు విద్యుత్తు గీతలను ప్రచురించినప్పటి నుంచి వైద్యులు చూస్తున్నది అదే. ఫిట్స్ రోగంలో గీత మీద సూదిమొనలా లేచే ‘స్పైక్’ 20 నుంచి 70 మిల్లీసెకన్లు ఉంటుంది. పిల్లలు కొన్ని సెకన్లు కన్నార్పక శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే రకంలో స్పైకు, దాని వెంట ఒక అల, సెకనుకు మూడు జతల చొప్పున వస్తాయి. పొంగు కాక మరేమిటది? అయితే ప్రతి పొంగూ రోగం కాదు. రెప్ప కొట్టినా నుదుటి వైపు తీగల్లో పెద్ద అల పడుతుంది, దవడ బిగించినా గీత గజిబిజి అవుతుంది. తలకు నూనె ఉంటే తీగ చివరి బిళ్ల (ఎలక్ట్రోడు) చర్మానికి సరిగ్గా అంటదు, నిరోధం 5 కిలో ఓములు దాటి గీతలో చెత్త చేరుతుంది. ‘ముందురోజు తలంటుకుని, నూనె రాయకుండా రండి’ అని ఒక ముక్క కరపత్రంలో వేసి ఉంటే ‘కార్యకలాపం’ కన్నా అక్కరకు వచ్చేది.

మీ ప్రశ్నకు అసలు జవాబు పోతన దగ్గర ఉంది. ‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్’. వరస చూడండి: ముందు బలం, తర్వాత గుండెనిబ్బరం, ఆపైన ప్రాణాలు చోటు తప్పడం, అప్పుడు మూర్ఛ. ఇది అలిసి సొలిసి సొమ్మసిల్లే వరస. పిడుగులా వచ్చి పడేసే రోగం ఇట్లా మెట్లు దిగుతూ రాదు. అంతకన్నా పెద్ద సాక్ష్యం తర్వాతి పాదాల్లో ఉంది. ‘నీవే తప్ప నితఃపరం బెరుగ’ అని గజేంద్రుడు ఈశ్వరుణ్ని తలుచుకున్నాడు, పేరుపేరునా పిలిచాడు. స్మృతి చెక్కుచెదరలేదు! అపస్మారమంటే స్మృతి తొలగిపోవడం. ఆయుర్వేదంలో చరకుడు స్మృతి, బుద్ధి, సత్త్వాల (మనసు) కల్లోలం అని, ‘తమఃప్రవేశం’ (తెలివి చీకట్లో మునగడం) అని చెప్పింది దాన్నే. కాబట్టి పోతన మూర్ఛ మూర్ఛే, అపస్మారం కాదు.

మన ఊళ్లల్లో ఈ తేడా మాటల్లోనే ఉంది. ‘కండ్లు బైర్లు కమ్మినయ్, ఆడ్నే పడ్డడు’ అంటారు. ముందు కండ్లు, తర్వాత మనిషి. కంటిలోపల మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి ఉంటుంది, నెత్తురు దాన్ని గెలిస్తేనే లోపలికి పారుతుంది. రక్తపోటు దిగినప్పుడు మెదడు కన్నా ముందు కన్ను ఎండుతుంది. అంటే బైర్లు కమ్మి పడడం చాలావరకు సొమ్మసిల్లడం. అపస్మారంలో మామూలుగా ఈ ముందస్తు చీకటి ఉండదు. మెదడు వెనుకభాగంలో మొదలయ్యే రకంలోనైతే రంగురంగుల చుక్కలు కనపడవచ్చు. ‘పడే ముందు ఏం కనపడింది?’ అని డాక్టరు గుచ్చిగుచ్చి అడిగేది ఇందుకే.

నరం సంగతి. ఇది ద్రావిడ పదం: తమిళంలో నరంబు, కన్నడంలో నర. తమిళులకు వాద్యం తీగె కూడా నరంబే. నెత్తురు గొట్టమా, కబురు తీగా అని మన భాష ఏనాడూ విడదీయలేదు, మీ దిక్కు వాడుక తప్పు కాదు. పాఠ్యపుస్తకాల వాళ్లు తీగకు ‘నాడి’ అనీ గొట్టానికి ‘నాళం’ అనీ పంచిపెట్టారు. చిత్రమేమంటే రెండూ బోలు కాడ అనే మాట నుంచి పుట్టినవే! చూపు నాడి ఇంచుమించు 5 సెంటీమీటర్ల కట్ట, అందులో పది పన్నెండు లక్షల పోగులు. పోగుల్లో నెత్తురు పారదు. పాలమూరు చేన్లో బోరు మోటరుకు తీగా పైపూ ఒకే గుంతలోకి దిగినట్లు, పోగుల మధ్యనుంచి సన్నని నాళాలు వాటిని పోషిస్తూ పోతాయి. రెపరెపలాడే వెలుతురు కంట్లో వేస్తే పోగులకు పని పెరిగి ఆ నాళాల్లో పారకం పెరుగుతుంది, లేజరు కాంతితో దాన్ని కొలుస్తారు. మెదడులోనూ పని పెరిగిన చోటికి నెత్తురు ఎక్కువ పోతుందని రాయ్, షెరింగ్టన్ అనే శాస్త్రవేత్తలు 1890లోనే అన్నారు. ఫిట్స్ పుట్టిన చోట ఆ కాసేపు జరిగేదీ అదే.

తీర్పంటారా? శాస్త్రగ్రంథంలో అపస్మారం మేలు. కానీ ‘మూర్ఛరోగం’ ఆసుపత్రి బోర్డుల మీద ఎక్కి కూర్చుంది, ‘రోగం’ వెంట ఉన్నంతవరకు సహించవచ్చు. కరపత్రాన్ని నేనైతే ‘మూర్ఛరోగుల మెదడులో విద్యుత్తు పొంగూ, చూపు నాడికి అందే నెత్తురూ’ అని దిద్దుతాను. జనం ‘ఫిట్స్’ అంటే కోప్పడకండి. ఇంగ్లీషు మాటే అయినా ‘ఫిట్స్ వచ్చినయ్’ అని బహువచనక్రియ పొల్లుపోకుండా వాడుతున్నారు, కరపత్రం రాసినాయన కన్నా నయం.