బండి మాట: మన ఎండకు ఏ టైరు?

(పెద్ద బండ్ల గురించి పాఠకుల ప్రశ్నలకు కర్నూలు నుంచి మెకానిక్ అన్న జవాబులు)

ప్రశ్న: అన్నా, నాది కవాసాకి నింజా 1000 ఎస్‌ఎక్స్. ఉద్యోగం బెంగళూరులో. వారం వారం కడప నుంచి రాయచోటి, మదనపల్లె మీదుగా వెళ్లి వస్తుంటాను. సెలవులకు మా ఆవిడతో కర్నూలు, హైదరాబాదు దాకా లాంగ్ రైడ్. బండితో వచ్చిన బ్రిడ్జ్‌స్టోన్ ఎస్22 టైర్లలో వెనకది మధ్యలో చదునుగా అరిగిపోయింది. ముందుదానికి ఇంకా గ్రిప్పు కనిపిస్తోంది. ఒక షాపువాళ్లు రేసింగ్ తరహా టైర్లు సగం ధరకే ఇస్తామంటున్నారు. వెనక 190/50 సైజు తీసేసి 190/55 వెయ్యి, బండి లుక్కే మారిపోతుందంటున్నారు. స్నేహితులు మాత్రం స్పోర్ట్ టూరింగ్ టైర్లే వెయ్యమంటున్నారు. ఏవి తీసుకోవాలి? వెనకది ఒక్కటి మారిస్తే చాలదా? ఎండాకాలం గాలి ఎంత పెట్టాలి?
ఒక పాఠకుడు, కడప

జవాబు: తమ్ముడూ, సగం ధర అన్నారంటే ముందు ఆ టైరు వయసు అడుగు. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే కోడు ఒకటి ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలే తయారైన తారీఖు. 1421 అని ఉంటే 2021లో 14వ వారం, అంటే ఆ ఏడాది ఏప్రిల్ మొదట్లో తయారైన టైరు. ఐదేళ్లు దాటిన టైరును ఏటా చూపించుకోవాలని, పదేళ్లకు ఎలా ఉన్నా తీసెయ్యాలని మిషెలిన్ లాంటి కంపెనీలు చెబుతాయి. కడప ఎండలో రోజంతా బయట నిలబడే బండికి ఆ పదేళ్ల లెక్క నేను ఒప్పుకోను. ఐదేళ్లు నిండితే నా దగ్గరికొచ్చే బండికి మార్చమనే చెబుతాను. వేడికి రబ్బరు గట్టిపడుతుంది, పక్కల సన్నటి పగుళ్లు వస్తాయి, పట్టు తగ్గిపోతుంది. గాడులు లోతుగానే ఉంటాయి కాబట్టి చూసేవాళ్లకు టైరు బాగున్నట్టే కనిపిస్తుంది. డబ్బు కట్టే ముందు ఆ నాలుగు అంకెలు ఫోటో తీసి పంపమని అడుగు. ఏ టైరైనా ఏడాదిలోపు తయారైంది అయితేనే తీసుకో. పంపడానికి వెనకాడితే ఆ షాపుతో నీకు పని లేదు.

ధర సంగతిలో ఇంకొకటి కూడా తెలియాలి. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టింది. లైసెన్సు ఉంటేనే తెప్పించుకోవాలి. అందుకే మన సైజులు ఒక్కోసారి ఎంత వెతికినా దొరకవు. దొరకని సమయంలోనే పాత సరుకు బయటికి వస్తుంది. టైరు మీద ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో కూడా చూసుకో.

ఇక ఏ రకం అన్న ప్రశ్న. దీనికి జవాబు నీ దారిలోనే ఉంది. కడప నుంచి బెంగళూరు దాకా నువ్వు బండి వంచేది ఎక్కడ? గువ్వలచెరువు ఘాట్‌లో, ఆ తర్వాత అక్కడక్కడా కొన్ని మలుపుల్లో. మిగతాదంతా తిన్నగా పోయే దారి. హైదరాబాదు వైపు 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే అదీ లేదు. అంటే నీ వెనక టైరులో మధ్యభాగమే రోజూ పనిచేస్తోంది, అంచులకు పెద్దగా పని పడటం లేదు. ఎస్22 మంచి టైరే, కానీ అది స్పోర్ట్ టైరు. మలుపుల్లో పట్టు కోసం మెత్తటి రబ్బరుతో చేసింది. తిన్నటి రోడ్డు మీద వారం వారం తిప్పితే మధ్యలో చదును కావడం సహజం. నీకు ఇస్తామంటున్న రేసింగ్ తరహావి ఇంకా మెత్తన, ఇంకా తొందరగా అరుగుతాయి. వాటిలో గాడులు తక్కువ కాబట్టి వానలో నీళ్లు పక్కకు తోసే శక్తి కూడా తక్కువ.

స్పోర్ట్ టూరింగ్ టైరు నీలాంటి వాడకానికే పుట్టింది. వెనక టైరు మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు ఉంటాయి. హైవే మీద గట్టిది అరుగును ఆపుతుంది, ఘాట్‌లో మెత్తది రోడ్డును పట్టుకుంటుంది. రబ్బరులో సిలికా బాగా కలుపుతారు కాబట్టి తడి రోడ్డు మీదా పట్టు నిలుస్తుంది. మనది వాన తక్కువ సీమ, అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే, వానతో మనకేం పని అనుకోకు. వాన తక్కువ పడే చోటే తొలివాన ప్రమాదం ఎక్కువ. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, రబ్బరు పొడి, దుమ్ము మొదటి జల్లుకు పైకి తేలి జారుడవుతాయి. బేతంచెర్ల, తాడిపత్రి వైపు పాలిష్ రాళ్ల ఫ్యాక్టరీల ముందు తెల్ల బురద ఎలా ఉంటుందో నీకు తెలుసు. గువ్వలచెరువు మలుపుల్లో లోడు లారీల నుంచి కారిన డీజిలు మీద ఆ జల్లు పడితే ఎంత గొప్ప టైరైనా వేగం తగ్గించక తప్పదు. అయినా గాడులున్న టైరుకు, గుండు టైరుకు తేడా అప్పుడే తెలిసేది.

మిషెలిన్ రోడ్ 6, పిరెల్లి ఏంజెల్ జీటీ 2, మెట్జెలర్ రోడ్‌టెక్ 01, బ్రిడ్జ్‌స్టోన్ టీ32, డన్‌లప్ రోడ్‌స్మార్ట్ 4, మన దేశంలో తయారయ్యే టీవీఎస్ యూరోగ్రిప్ రోడ్‌హౌండ్, ఇవన్నీ ఈ కోవలోవే. వీటిలో ఏది గొప్పదని వాదించుకోవడానికి సాయంత్రాలు చాలవు. నా మాట ఒక్కటే: పాత తారీఖు రోడ్ 6 కన్నా కొత్త తారీఖు రోడ్‌హౌండ్ నీకు మేలు. నీ సైజులో, తాజా తారీఖుతో, ముందూ వెనకా రెండూ దొరికే మోడల్ ఏదైతే అది తీసుకో.

సైజు మార్చొద్దు. నీ బండికి ముందు 120/70 జెడ్‌ఆర్ 17, వెనక 190/50 జెడ్‌ఆర్ 17. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. 190/55 వేస్తే టైరు ఎత్తు ఒక్కో వైపు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, చక్రం మొత్తం కొలత సుమారు మూడు శాతం పెద్దదవుతుంది. బండి వెనక లేచి, వంగడం కాస్త చురుకవుతుంది, అందుకే కొందరు వేసుకుంటారు. కానీ నీ బండిలో వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ రెండు చక్రాల వేగాలు పోల్చి చూసి పనిచేస్తుంది. కంపెనీ ఆ లెక్క కట్టింది 190/50కి. లుక్కు కోసం ఆ లెక్క చెడగొట్టడం నాకు నచ్చదు. వెనక టైరు మీద 73డబ్ల్యూ, ముందుదాని మీద 58డబ్ల్యూ ఉండాలి. 73 అంటే 365 కిలోలు, 58 అంటే 236 కిలోలు మోయగలవని. డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ఆ వేగం నువ్వు వెళ్లవు, వెళ్లకూడదు కూడా. అయినా బండి శక్తికి తగిన కట్టుబడి ఉన్న టైరే దానికి ఉండాలి.

వెనకది ఒక్కటే మార్చాలా అన్నావు. రెండూ మార్చు. ముందు టైరుకు మధ్యలో గ్రిప్పు కనిపిస్తుంది సరే, పక్కల వేలితో తడిమి చూడు. బ్రేకు వేసే చోట గాడుల అంచులు ఒక వైపు పదునుగా, ఒక వైపు పల్లంగా తగులుతాయి. పాత ముందు టైరు ఒక ఆకారంలో, కొత్త వెనక టైరు ఇంకో ఆకారంలో ఉంటే మలుపులో రెండూ ఒకే తీరుగా వంగవు. ఇప్పుడు నీ బండి ఘాట్‌లో వంగనని మొండికేసి, కాస్త బలం పెట్టగానే ఒక్కసారిగా పక్కకు పడుతున్నట్టు అనిపిస్తుంటే అది వెనక టైరు చదును అంచు చేసే పనే. చాలామంది అది సస్పెన్షన్ తప్పనుకొని ఖర్చు పెడతారు.

గాలి సంగతి ఈ జవాబులో అన్నిటికన్నా ముఖ్యం. మన వైపు ఎండాకాలం రాగానే టైరు పగులుతుందన్న భయంతో గాలి తగ్గిస్తారు. పంక్చర్ షాపుల్లో కూడా అదే చెబుతారు. అది తప్పు, ప్రాణం మీదికి తెచ్చే తప్పు. గాలి తక్కువైతే టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువ నలుగుతుంది, ఇనప తీగను అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కినట్టు లోపల వేడెక్కుతుంది. మే నెల రోడ్డు వేడి దానికి తోడై, వెనక మనిషి, సామాను బరువు కూడా పడితే లోపలి పొరలు విడిపోతాయి. టైరు పేలిందంటే ఎక్కువసార్లు కారణం ఇదే.

నీ బండి మాన్యువల్‌లో ముందు 36, వెనక 42 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). అది చల్లటి టైరు లెక్క, అంటే కనీసం మూడు గంటలు నిలిపి ఉంచాక, ఎండ తగలక ముందు చూడాలి. తెల్లవారుజామున చూసుకోవడం ఉత్తమం. టైరు లోపల వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే నీ వెనక టైరులో సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున 28 డిగ్రీల్లో 42 పెట్టి బయల్దేరితే మధ్యాహ్నం టైరు 60 డిగ్రీలకు చేరి గేజీ 48 చూపించవచ్చు. కంగారుపడి తీయకు. ఆ పెరుగుదల లెక్కేసుకొనే కంపెనీ 42 అని రాసింది. అక్కడ ఆరు తీస్తే మర్నాడు పొద్దునకు సుమారు 36 మిగులుతుంది. టైరు మీద అచ్చువేసిన అంకె కూడా పట్టుకోవద్దు. ముందు చక్రానికి వేసే చాలా టైర్ల మీద 42 అని ఉంటుంది, అది ఆ టైరు గరిష్ఠ బరువు మోయడానికి చెప్పిన గాలి. సొంత గేజీ ఒకటి కొని సీటు కింద పెట్టుకో. నైట్రోజన్‌కు డబ్బు పెట్టక్కర్లేదు, మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది.

బిగించే చోటు కూడా ముఖ్యమే. క్రోబారుతో లాగే చోట అల్లాయ్ రిమ్ము గీతలు పడుతుంది, చక్రం వేగం చూసే ఏబీఎస్ రింగు వంగుతుంది. టైర్ చేంజింగ్ మెషీను, బ్యాలెన్సింగ్ ఉన్న చోటికే వెళ్లు. టైరు మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా, కొత్త వాల్వు వేశారా, చైను బిగువు మళ్లీ సరిచేశారా చూసుకో. బండి ఎక్కి కదిలే ముందు ముందూ వెనకా బ్రేకులు గట్టి పడేదాకా నొక్కు. చక్రం విప్పినప్పుడు బ్రేకు ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటే మొదటి నొక్కుకు బ్రేకు పడదు. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా వంచొద్దు. అప్పటిదాకా చెల్లెమ్మను వెనక కూర్చోబెట్టుకోకు.

ప్రశ్న: మా అబ్బాయి వెర్సిస్ 650 మీద నన్ను లేపాక్షి తీసుకెళ్తానంటున్నాడు. మొన్న వెనక టైరుకు తుమ్మ ముల్లు దిగితే పంక్చర్ షాపులో రబ్బరు స్ట్రిప్ పెట్టించాడు. దాన్ని నమ్మి వెళ్లొచ్చా? నాకు టెన్షన్‌గా ఉంది.
ఒక తల్లి, అనంతపురం

జవాబు: అమ్మా, మీ భయంలో అర్థముంది. బయటి నుంచి కుక్కే స్ట్రిప్ ఇంటికి చేరడానికి పెట్టుకునేది. ముల్లు దిగింది టైరు మధ్యలో అయితే టైరు విప్పించి, లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే ప్యాచ్ వేయించమనండి. విప్పినప్పుడు లోపలి పొరలో నలుపు పొడి రాలిందేమో చూడాలి. రాలితే గాలి లేకుండా నడిపాడని అర్థం, ఆ టైరు తీసెయ్యాల్సిందే. రంధ్రం అంచున గానీ పక్క గోడలో గానీ ఉంటే ప్యాచ్ వద్దు, కొత్త టైరే. ప్యాచ్ వేయించాక రెండు మూడు రోజులు పొద్దున్నే గాలి చూసి తగ్గకపోతే నిశ్చింతగా వెళ్లి రండి. ఇద్దరు కూర్చున్నప్పుడు పెట్టాల్సిన గాలి బండి మాన్యువల్‌లో ఉంటుంది, అబ్బాయిని చూడమనండి.

ప్రశ్న: అన్నా, బెంగళూరులో వాడిన పిరెల్లి టైర్లు ముప్పాతిక గ్రిప్పుతో తక్కువకు వస్తున్నాయి. తీసుకోవచ్చా?
ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: వద్దు. ఎవరు ఏ గాలితో నడిపారో, లోపల ఎన్ని ప్యాచ్‌లు ఉన్నాయో బయటికి కనిపించదు. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి నీ సైజులో కొత్త తారీఖు దేశీ రేడియల్ టైరు తీసుకో.