షాపువాళ్ల మాట విని డిస్కు మార్చేయకండి

ప్రశ్న: గాజువాకలో లారీల కాటా నడుపుతున్నాం. బిల్లులు కొట్టేది పాత పెంటియం 4, డెబియన్ లైనక్స్. పాత రకం ఐడీఈ డిస్కు కోసం పీసీఐ స్లాట్‌లో కంట్రోలర్ కార్డు వేశాం. నెట్‌వర్క్‌లో బ్యాకప్ మొదలెట్టిన కాసేపటికి డిస్కు ఈడుస్తూ నడుస్తోంది. డీమెసేజ్‌లో (సిస్టమ్ సందేశాల చిట్టాలో) 'ఐఆర్‌క్యూ 11: నోబడీ కేర్డ్' అని, దాని కింద 'డిజేబ్లింగ్ ఐఆర్‌క్యూ 11' అని వస్తోంది. రీబూట్ చేస్తే మళ్లీ మామూలే. అంతకుముందు ఎవరో చెబితే గ్రబ్‌లో (లైనక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్‌లో) నోఏపీఐసీ అనే ఆప్షన్ పెట్టాను. షాపువాళ్లేమో డిస్కు పోయిందంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు బిల్లుల ఫోల్డర్ ఇంకోచోటికి కాపీ చేసేయండి, తర్వాత మాట్లాడుకుందాం. మీరు రాసినదాన్ని బట్టి అనుమానం డిస్కు మీద కాదు. ఐఆర్‌క్యూ 11 అంటే కార్డులు ప్రాసెసర్‌ను పిలిచే 11వ లైన్. దాని మీద పిలుపు (ఇంటరప్ట్) వస్తోంది, ఆ లైన్‌లో ఉన్న డ్రైవర్లన్నీ (కార్డులను నడిపే ప్రోగ్రాములు) 'నాది కాదు' అంటున్నాయి. లక్ష ఇంటరప్టుల్లో 99,900కు పైగా ఇలా అనాథగా మిగిలితే కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) ఆ లైన్‌నే మూసేస్తుంది, దాంతో తప్పు లేని కార్డు కూడా నోరు పడిపోయి కూర్చుంటుంది. మూసేశాక కెర్నల్ సెకనుకు దాదాపు పదిసార్లు మాత్రమే అటు తొంగిచూస్తుంది, మీ డిస్కు ఈడుస్తున్నది అందుకే.

ప్రాక్ ఫోల్డర్‌లో ఇంటరప్ట్స్ అనే ఫైల్ తెరిచి 11వ వరుస చివర చూడండి. కంట్రోలర్ డ్రైవర్, ఈటీహెచ్0 (నెట్‌వర్క్ కార్డు), యూఎస్‌బీ మూడూ పక్కపక్కనే కనిపిస్తే ఆశ్చర్యపోను. పీసీఐలో లైన్ పంచుకోవడం తప్పేమీ కాదు, పీసీఐకి ముందుతరం ఐఎస్ఏ కార్డులతోనే ఆ గొడవ. కానీ నోఏపీఐసీ అంటే ఏపిక్‌ను (ఎక్కువ లైన్లుండే కొత్త ఇంటరప్ట్ చిప్పును) వాడొద్దనడం. అది పెట్టడంతో మీ మెషీన్ ఇంటరప్టులు చూసే పాత రెండు 8259 చిప్పుల కాలానికి వెళ్లిపోయింది: ఉన్నవి 15 లైన్లు, అందులో గడియారం, కీబోర్డు, కాటా ఇండికేటర్ తగిలించిన సీరియల్ పోర్టు, బోర్డు మీది ఐడీఈ కలిసి చాలా తినేస్తాయి, మిగిలినవాటిలో కార్డులన్నీ ఇరుక్కుంటాయి. నెట్‌లో ప్రతి జబ్బుకీ ఈ మందే రాస్తుంటారు, నాకు ఒళ్లు మండుతుంది.

నోఏపీఐసీని తీసేసి, గ్రబ్ అప్‌డేట్ చేసి రీబూట్ చేయండి. ఇంటరప్ట్స్ ఫైల్‌లో ఎక్స్‌టీ-పిక్ (పాత చిప్పులు) అన్నచోట ఐఓ-ఏపిక్ అని రావాలి, రాకపోతే బయోస్‌లో ఏపిక్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. అయినా గొడవ వస్తుంటే ప్లగ్ పీకి, కార్డును ఏజీపీకి (గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌కి) దూరంగా ఉన్న స్లాట్‌లోకి మార్చండి, స్లాట్ మారితే సాధారణంగా లైన్ కూడా మారుతుంది. తీసినప్పుడే కార్డు అంచుని రబ్బరుతో మెల్లగా రుద్దండి, మన వైజాగ్ ఉప్పుగాలికి ఆ కాంటాక్టులు ఊరికే మసకబారిపోతాయి. యూఎస్‌బీ వాడకపోతే బయోస్‌లో ఆపేయండి, అసలు దొంగ అదే కావచ్చు.

'నోబడీ కేర్డ్' మెసేజ్ సూచించే ఐఆర్‌క్యూపోల్ ఆప్షన్‌తో పని నడుస్తుంది గానీ వేగం తగ్గుతుంది, రోగం లోపలే ఉంటుంది. అది ఆఖరి దారి. డిస్కు మీద ఇంకా అనుమానముంటే స్మార్ట్‌సీటీఎల్ (డిస్కు ఆరోగ్యం చూపే ప్రోగ్రామ్) నడిపి రీఅలోకేటెడ్ సెక్టార్ల (పాడై పక్కనపెట్టిన చోట్ల) అంకె చూడండి. అది సున్నా ఉండి, డీమెసేజ్‌లో సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిందన్న గుర్తు) కనిపిస్తే మార్చాల్సింది డిస్కు కాదు, 80 తీగల కేబుల్.