కారు గీతలకు వాయిదాల మీద పాలిష్ ఇప్పుడే వద్దు

ప్రశ్న: కారు కొని ఏడాదిన్నర అయింది. నీడలో బాగానే ఉంటుంది గానీ, ఎండ పడితే బానెట్ నిండా సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. రోజూ పొడిగుడ్డతో దుమ్ము తుడుస్తాను, వారానికోసారి ఒక బకెట్ నీళ్లు, స్పాంజితో కడుగుతాను. పాలిష్ పట్టించి సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఇక గీతలు పడవంటున్నారు. డబ్బు వాయిదాల్లో కట్టొచ్చట. వేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ గీతల్లో ఎక్కువ భాగం తుడిచేటప్పుడు, కడిగేటప్పుడు పడ్డవే. ఆ అలవాటు మారకుండా పాలిష్ పట్టిస్తే కొన్ని నెలలకే గీతలు మళ్లీ వస్తాయి. వాయిదాలు మాత్రం అప్పటికీ కడుతూనే ఉంటారు.

పాలిష్ గీతను పూడ్చదు. గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పొరను, గీత లోతు దాకా అరగదీస్తుంది. కారు పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో పైనుండే క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లే. గట్టిగా పట్టిన ప్రతి పాలిష్‌కూ అందులోంచి కొన్ని మైక్రాన్లు పోతాయి. ఇది తీయడమే తప్ప మళ్లీ జమ చేయడం కుదరని అసలు సొమ్ము లాంటిది. బాగా పల్చబడితే ఎండకు రంగు వెలిసి, పొర పెచ్చులుగా లేస్తుంది. అప్పుడిక ఆ భాగానికి మళ్లీ పెయింట్ వేయించడమే దారి.

సిరామిక్ కోటింగ్ వల్ల నీళ్లు, మురికి తేలిగ్గా జారిపోతాయి, కడగడం సులువవుతుంది. అంతవరకూ నిజం. కోటింగ్ గట్టిదనం గురించి 9హెచ్ అని చెప్పేది పెన్సిల్ మొనతో చేసే పరీక్షలో వచ్చిన గట్టిదనం. గుడ్డ కింద నలిగే ఇసుక రేణువు ఆ పొర మీదా గీత పెడుతుంది.

కాబట్టి మొదటి ఖర్చు కడిగే సామాను మీద పెట్టండి. 15 నుంచి 20 లీటర్ల బకెట్లు రెండు, వాటి అడుగున పెట్టే జాలీలు, చేతికి తొడుక్కుని కడిగే మైక్రోఫైబర్ మిట్లు రెండు, చక్రాలకు విడిగా ఒక బ్రష్, ఆరబెట్టడానికి పెద్ద మైక్రోఫైబర్ టవల్, కారు షాంపూ. గిన్నెలు తోమే లిక్విడ్ వాడితే పైనున్న వ్యాక్స్ పోతుంది. షాంపూ లేబుల్ మీద 1:500 అని ఉంటే 10 లీటర్ల నీళ్లకు 20 మిల్లీలీటర్లు చాలు. 500 మిల్లీలీటర్ల సీసా 25 సార్లకు వస్తుంది. పదిహేను రోజులకోసారి కడిగితే దాదాపు ఏడాది సరిపోతుంది.

రోజూ పొడిగుడ్డతో తుడవడం ఈరోజే ఆపేయండి. మీ కారుకు ఎక్కువ నష్టం చేస్తున్నది అదే. దుమ్ము కనిపించినా ఫర్వాలేదు, ఉండనివ్వండి.

కడిగేది నీడలో, బానెట్ చల్లబడ్డాక. వేడి రేకు మీద షాంపూ ఎండి మరకలు కడుతుంది. ముందు చక్రాలు శుభ్రం చేయండి, బ్రేకుల పొడి పెయింట్ మీదికి రాకూడదు. తర్వాత పైకప్పు నుంచి కిందికి నీళ్లు ధారగా పోసి, వదులుగా ఉన్న మట్టినంతా చేయి తగలకుండానే పోనివ్వండి. ఈ ఒక్క పని తొందరపడి ముగించకండి, సగం గీతలు ఇక్కడే తప్పుతాయి. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు. మిట్‌ను షాంపూలో ముంచి ఒక భాగం కడగండి, మామూలు నీళ్లలో జాలీకేసి రుద్ది ఇసుక వదిలించండి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచండి. మీ ఒక్క బకెట్ పద్ధతిలో తీసిన ఇసుకే స్పాంజితో మళ్లీ పెయింట్ మీదికి వెళ్తోంది. నొక్కకుండా, గుండ్రంగా తిప్పకుండా తిన్నగా తుడవండి. డోర్ల కింది భాగం, బంపర్లు ఆఖర్న, రెండో మిట్‌తో. నేల మీద పడిన మిట్‌ను బాగా ఉతికే దాకా వాడొద్దు.

చివర టవల్‌ను పరిచి అద్దండి, రుద్దకండి. మైక్రోఫైబర్ గుడ్డలను ఫ్యాబ్రిక్ కండిషనర్ లేకుండా, విడిగా ఉతకండి. పక్షి రెట్ట పడితే వారం ఆగకుండా, తడిగుడ్డ కొన్ని నిమిషాలు కప్పి ఉంచి, మెత్తబడ్డాక తీయండి.

బీమా మీద ఆశ పెట్టుకోకండి. వాడకంలో వచ్చే అరుగుదలకు మోటారు పాలసీలు మామూలుగా డబ్బివ్వవు. ఎక్కడైనా లోతైన గీత పడి క్లెయిమ్ ఆలోచన వస్తే, మీరు భరించాల్సిన వాటానూ పోయే నో క్లెయిమ్ బోనస్‌నూ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కలిపి రిపేరు బిల్లుతో పోల్చి చూడండి.

వాయిదాకు ఇవ్వాలనుకున్న మొత్తాన్ని నెలనెలా విడిగా దాచండి. ఆరు నెలలు ఈ పద్ధతిలో కడిగాక కూడా పాత గీతలు మిమ్మల్ని బాధిస్తే, అప్పుడు చేతిలో ఉన్న డబ్బుతో ఒక్కసారి తేలికపాటి పాలిష్ చేయించండి. గోరు తట్టుకునేంత లోతు గీతలను మాత్రం పాలిష్‌తో తీయించే ప్రయత్నం చేయకండి. పని మొదలుపెట్టే ముందు పెయింట్ మందం కొలిచే మీటర్‌తో బానెట్, డోర్లు, పైకప్పు మీద రీడింగులు తీయించి రాసి పెట్టుకోండి. పని అయ్యాక అదే చోట్ల మళ్లీ కొలిపిస్తే ఎంత పొర పోయిందో తెలుస్తుంది.