గూగ్లీ వేసినవాడు మోసగాడా?

ప్రశ్న: ఇంగ్లీషు పత్రికల్లో గూగ్లీ, కర్వ్‌బాల్, రింగర్ వంటి ఆటల మాటలు రాజకీయ వార్తల్లోనూ కనిపిస్తున్నాయి. మా ఇంటర్ విద్యార్థులు అన్నింటికీ ‘మోసం’ అనే అర్థమే రాస్తున్నారు. అది సరైనదేనా?
– ఒక అధ్యాపకురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: సరైనది కాదు. నియమాలకు లోబడి ఎదుటివాణ్ణి ఏమార్చడం వేరు, నియమాన్నే దాటి గెలవజూడడం వేరు. ఆ మాట పుట్టిన ఆట తెలియకపోతే ఈ తేడా విద్యార్థికి అందదు.

గూగ్లీ మొదటి కోవకు చెందినది. లెగ్‌స్పిన్ వేస్తున్నట్టే కనిపిస్తూ, మణికట్టును మరింత తిప్పి చేతి వెనుక వైపు నుంచి వదిలితే, కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు దూరంగా పోవలసిన బంతి లోపలికి వస్తుంది. దీనికి ఆద్యుడైన ఇంగ్లండ్ బౌలర్ బెర్నార్డ్ బోసాంక్వెట్ 1900లో లార్డ్స్ మైదానంలో లీస్టర్‌షైర్ మీద ఈ బంతితో వికెట్ తీసినప్పుడు, అది నాలుగుసార్లు నేలను తాకిందని చెబుతారు. అయినా 98 పరుగుల మీదున్న బ్యాట్స్‌మన్ స్టంపౌట్ అయ్యాడు. కనుక విలేకరి మంత్రికి గూగ్లీ వేశాడంటే తడుముకునే ప్రశ్న అడిగాడని అర్థమే తప్ప, అందులో నింద లేదు. బేస్‌బాల్‌లోని కర్వ్‌బాల్ కూడా అంతే, కాకపోతే అది గాలిలోనే వంగుతుంది.

రింగర్ మాత్రం పచ్చి మోసమే. మన కర్నూలు, కడప పల్లెల్లో బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. అక్కడ ఎడ్లను, వయసును తెలిపే పళ్లను బట్టి, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేస్తారు. ఆరు పళ్ల గిత్తను నాలుగు పళ్లదని చెప్పి కాడి కడితే అది రింగరే. ఇంగ్లండ్‌లో 1844 ఎప్సమ్ డెర్బీలో అచ్చంగా ఇదే జరిగింది. మూడేళ్ల గుర్రాలకే పరిమితమైన ఆ పందెంలో ‘రన్నింగ్ రెయిన్’ పేరుతో గెలిచింది నిజానికి నాలుగేళ్ల గుర్రం. వ్యవహారం కోర్టుకెక్కి, గుర్రాన్ని తీసుకురమ్మని న్యాయమూర్తి అడిగితే, యజమాని పక్షం హాజరుపరచలేక దావా విరమించుకుంది. గెలుపు రెండో స్థానంలో వచ్చిన ఓర్లాండోకు దక్కింది. రింగర్ అనే మాట వాడుకలోకి వచ్చింది ఆ తరువాతే. ఆరితేరిన ఆటగాణ్ణి దొంగపేరుతో స్థానిక జట్టులో దింపినా ఇప్పుడు ఆ మాటే వాడుతున్నారు.

కాబట్టి గూగ్లీకి ‘ఎత్తుగడ’ అని, రింగర్‌కు ‘దొంగపేరుతో దిగినవాడు’ అని చెప్పించండి. డార్క్ హార్స్‌ను కూడా మోసాల వరుసలో చేర్చనీయకండి. అది కేవలం సత్తా ఎంతో ఎవరికీ తెలియని గుర్రం.